ఉన్నది ఉన్నట్టుగా

మేలపట్టి, కోవిల్పట్టి తాలూకా
14-6-1996

తమ్ముడు రామసుబ్బుకు నాగమ్మాళ్ అక్క దీవించి రాసేది. ఇక్కడ నేనూ మా అత్తా క్షేమం. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలి కాబట్టి రాశాను గాని, క్షేమం ఏమీ లేదు.

తాత ఇసుకలో దిద్దించిన తెలుగు అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి. ఈ ఊళ్లో సగం ఇళ్లలో తెలుగు మాటే, చదవడం మాత్రం ఎవరికీ రాదు. తమిళంలో రాస్తే పోస్ట్‌మాన్ కందసామి ముందు తను చదివి తరువాత ఊరికి చదివి వినిపిస్తాడు.

సంగతేమిటంటే, మీ బావ పోయి రెండేళ్లు తిరక్కముందే మా మరిది తిరుపతిసామి మా దారికి అడ్డంగా గోడ లేపుతున్నాడు. నీకు తెలుసు కదా, అన్నదమ్ములు పంచుకున్నప్పుడు వీధి వైపు స్థలం తనకు, వెనకున్న ఇల్లు మాకు వచ్చాయి. మేము వీధిలోకి రావాలంటే అతని స్థలంలోంచే రావాలి. పెద్దమనుషులు నోటిమాటగా చెప్పారు, కాగితం రాయలేదు. ఇప్పుడు అక్కడ అగ్గిపెట్టెల షెడ్డు వేస్తాడట. గోడ ఛాతీ ఎత్తు లేచింది. మేస్త్రి అటూ ఇటూ తిరగడానికి వదిలిన సందొకటి మిగిలింది, నేను అడ్డంగా తిరిగి దూరుతున్నాను. మేస్త్రి పని కాగానే అదీ మూసేస్తాడు.

ఇందులో వింత ఏమిటంటే అతని కన్నతల్లి గోడకు ఇవతల నా దగ్గరే ఉంది. రమ్మంటే మా అత్త అంగమ్మాళ్ పోలేదు, "పెద్దోడు పోయిన ఇల్లు ఇడిసి యాడికీ రాను" అంది. అతన్ని అడిగితే వెనకవైపు వాగుకు పోయే మేకల దారి లేదా అంటున్నాడు.

నువ్వు విరుదునగర్‌లో పెద్ద వకీలు దగ్గర గుమాస్తావి. ఆ చదువు ఊరి వాళ్లందరికీ పనికొస్తోంది, అక్కకు ఒక్కసారి పనికిరానీ.

నాగమ్మాళ్


విరుదునగర్
17-6-1996

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం మా సీనియర్ పాండీశ్వరన్ గారికి చదివి వినిపించాను. ఫీజు మాట ఎత్తకుండా కోవిల్పట్టి మున్సిఫ్ కోర్టులో దావా వేద్దామన్నారు. నువ్వు దిగులు పడకు. ఇరవై ఏళ్లుగా నేను మోసిన కేసు కట్టల బరువుకు ఇదొక్కటైనా నా వాళ్లకు దక్కాలి.

ఆయన దగ్గర విన్నది నీకు చెప్తాను. మామూలు చట్టం ఏమంటుందంటే, నీ దారి మూశాడా, దాని ఖరీదు ఇంత, తీసుకుని ఊరుకో. ఆ డబ్బు తలకింద పెట్టుకుని నువ్వు ఇంట్లో పడుకోవచ్చు, వీధిలోకి మాత్రం రాలేవు. పూర్వం ఇంగ్లండులో ఇలా చిక్కుకున్న వాళ్లు రాజు దగ్గర మొరపెట్టుకునేవారట. రాజు వాళ్లను తన మంత్రి దగ్గరికి పంపేవాడు. ఆ మంత్రి చట్టం పుస్తకం పక్కన పెట్టి, ఎదుటివాడి మనస్సాక్షిని నిలదీసేవాడు. డబ్బు మాట కాదు, ఏ పని చేస్తానన్నావో అదే చెయ్యి, ఏ తప్పు చేయబోతున్నావో అది ఆపు అని ఆజ్ఞ వేసేవాడు. దాన్నే ఈక్విటీ అంటారు. మన దేశంలో అదంతా చట్టంలోనే కలిసిపోయింది. మనం అడిగే ఇంజంక్షన్ అక్కడ పుట్టిందే.

అయితే అది హక్కుగా లాక్కునేది కాదు, కోర్టు దయతలచి ఇచ్చేది. అడగడానికి వచ్చిన వాడి చేతులు శుభ్రంగా ఉండాలి. నిద్రపోయి ఆలస్యంగా వచ్చిన వాడికి ఏమీ దక్కదు. ఈ రెండూ మా సీనియర్ రోజుకొక్కసారైనా అంటారు.

సంతకు వచ్చిన మీ పక్కింటి పొన్నయ్య చేతికి అఫిడవిట్ ఇచ్చి పంపుతున్నాను. గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చెయ్యి.

నీ తమ్ముడు
రామసుబ్బు


మేలపట్టి
2-7-1996

రామసుబ్బుకు,

సంతకాలు పెట్టి పంపాను. పెట్టాక పొన్నయ్య కూతురు మారీశ్వరి చేత ఆ తమిళం చదివించుకున్నాను. బుద్ధి ఉన్నవాళ్లు ముందు చదివించుకుంటారు.

అందులో ‘ఈ ఇంటికి వేరే ఏ దారీ లేదు’ అని ఉంది. అదేమిటి? వెనక మేకల దారి ఉంది కదా. నేనే మొదటి ఉత్తరంలో రాశాను. వానాకాలం బురదైనా, నలుగురు నడిచేంత వెడల్పు. దేవుడి మీద ప్రమాణం చేసి చెప్తున్నానని పైన రాసి, కింద ఆ మాట రాయిస్తావా? చేతులు శుభ్రంగా ఉండాలన్నావు. ఇది ఏ సబ్బుతో కడగను?

కోర్టు పంపిన వకీలు కమిషనర్ వచ్చి టేపు పెట్టి కొలిచాడు. గోడ పొడవు, ఎత్తు, సందు వెడల్పు ఒకటింపావు అడుగు అని రాసుకున్నాడు. వెనక్కి వెళ్లి చూడలేదు. నేను చూపించనూ లేదు. అప్పటి నుంచి అన్నం సరిగా సయించడం లేదు.

నాగమ్మాళ్


విరుదునగర్
20-7-1996

అక్కా,

గెలిచాం. కేసు తేలేదాకా స్టేటస్ కో ఇచ్చారు. అంటే ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. తిరుపతిసామి ఆ గోడ మీద ఇంకొక రాయి పెట్టకూడదు. నువ్వు అందులోంచి ఒక రాయి తియ్యకూడదు. కాపీ పంపుతున్నాను, ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచు.

వెనక దారి గురించి ఇక ఎవరితోనూ అనకు. తిరుపతిసామి అంటే అది ఎదుటివాడి మాటే అవుతుంది, నువ్వే అన్నావని వాళ్ల వకీలు చెవిన పడితే, దారి ఉండి లేదన్నావని కేసు మొత్తం కొట్టేయిస్తాడు. ఆ వైపు నడవకు, మేకల్ని తోలకు. ఒకటి రెండేళ్లు ఓర్చుకో, తీర్పు రాగానే గోడ తీయిస్తాను.

రామసుబ్బు


మేలపట్టి
11-3-1998

చిరంజీవి తమ్ముడికి,

రెండేళ్లు కావస్తోంది. గోడకు వయసు వస్తోంది గాని కేసుకు రావడం లేదు.

నీ మేనకోడలు కలైసెల్విని మొన్న సాత్తూరు నుంచి పురిటికి తీసుకొచ్చాను. ఏడో నెల. బస్సు దిగి వీధిలో నడిచి వచ్చి సందు ముందు నిలబడింది. అడ్డంగా తిరిగినా పట్టలేదు, నిలువుగా తిరిగినా పట్టలేదు. ‘తా దూర సందు లేదు, మెడకో డోలు’ అని మా అత్త లోపల మంచం మీంచి నవ్వింది. మగవాళ్లు గోడ మీంచి ఎత్తి దించుతామన్నారు. కడుపుతో ఉన్న పిల్లను మూటలా ఎత్తనిస్తానా? సందులోంచి చెయ్యి చాపి దాని చేతికి గాజులు తొడిగి, మళ్లీ బస్సెక్కించి అత్తారింటికి పంపేశాను. తొలి కాన్పు పుట్టింట్లో జరగని పిల్ల మన వంశంలో ఇదొక్కతే.

వెనక దారి అడుగుతావేమో, చెప్తాను. నేను ఎలాంటి దాన్నో నీకు తెలుసు. లేదని సంతకం పెట్టాను, ఉన్నది రోజూ కళ్లకు కనిపిస్తోంది. అందుకని లేకుండా చేశాను. మేకలు అమ్మేశాను. ఏటా సీమ తుమ్మ మొలకలు పీకేదాన్ని, పీకడం మానేశాను. ఇప్పుడు నా తలకన్నా ఎత్తు ముళ్లు, పిల్లి కూడా దూరదు. ఇక నా మాట అబద్ధం కాదు. తలచుకుంటే నవ్వొస్తుంది, కాసేపటికి భయం వేస్తుంది. ముందు నీ ఆర్డరు, వెనక నా సంతకం. మధ్యలో నేనూ, లేవలేని అత్తా.

నాగమ్మాళ్


విరుదునగర్
6-9-1999

అక్కా,

ఈ నెల 22న నీ సాక్ష్యం. పొద్దున పదిన్నరకల్లా కోవిల్పట్టి కోర్టుకు రా. ఎన్ని పనులున్నా నేను అక్కడ ఉంటాను. సీనియర్ గారికి ఒంట్లో బాగా లేదు, అయినా వస్తామన్నారు.

రామసుబ్బు


మేలపట్టి
23-9-1999

తమ్ముడికి,

నిన్న రాలేకపోయాను. బయలుదేరే వేళకు అత్త మంచం మీంచి జారి పడింది, తుంటి దగ్గర వాచింది. డాక్టరును లోపలికి తెచ్చాం గాని ఆమెను బయటికి తీసుకుపోలేకపోయాం, మంచం సందులో పట్టదు. పొన్నయ్యతో కోర్టుకు కబురు పంపితే అతను వెళ్లేసరికి మధ్యాహ్నమైంది, మన వాళ్లెవరూ కనిపించలేదన్నాడు. ఏం జరిగిందో రాయి.

నాగమ్మాళ్


విరుదునగర్
4-10-1999

అక్కకు,

కేసు వాయిదా పడింది. అత్తగారిని జాగ్రత్తగా చూసుకో. గోడ జోలికి మాత్రం పోకు. మళ్లీ నేను చెప్పేదాకా నువ్వు కోర్టుకు రానక్కర్లేదు.

రామసుబ్బు


మేలపట్టి
19-8-2004

రామసుబ్బుకు,

పదమూడో తేదీ తెల్లారి మా అత్త పోయింది. నువ్వు వస్తావని దారి చూశాను, జ్వరమని కబురు పంపావు. ఇప్పుడెలా ఉంది?

జరిగింది నీకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పుకోలేను. పాడె కట్టి వాకిట్లో పెట్టాక అది సందులో పట్టదని అందరికీ గుర్తొచ్చింది. గోడ దాటించిన పీనుగు దారి తెలియక మళ్లీ ఇంటికే వస్తుందని మనవాళ్ల నమ్మకం, నీకు తెలిసిందే. తిరుపతిసామి గడ్డపార పట్టుకుని వచ్చాడు. "అమ్మను గోడ దూకిచ్చేదా వదినా? నాలుగు రాళ్లు తీస్తాను, తప్పుకో" అన్నాడు. నేను లోపలికి పోయి నీ ఆర్డరు తెచ్చి అతని ముందు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క రాయి కదిలినా కేసు పోతుందని నువ్వు ఎన్నిసార్లు రాశావో. అతను నా ముఖం వంక చూసి, "ఏ ఆడరు వదినా? అది పోయి ఐదేండ్లు ఆయె కదా" అన్నాడు. అబద్ధానికి కూడా ఒక అదను ఉంటుంది, తల్లి శవం ముందా ఆడేది అనుకున్నాను. అదే అనేశాను కూడా, పదిమంది ముందు. అతను గడ్డపార కింద పెట్టేశాడు.

వాగు వైపు తీసుకుపోదామని ఎవరో అన్నారు. వెనక్కి పోయి చూసి, గుబురు గుబురుగా ముళ్లేనని తిరిగొచ్చారు.

చివరికి నలుగురు ఇటు, నలుగురు అటు నిలబడి గోడ మీంచి ఎత్తారు. ఎత్తేటప్పుడు పాడె ఒరిగి, అత్త కుడి చెయ్యి జారి గోడ మీద పడింది. రాయిని పట్టుకున్నట్టే ఉంది రామసుబ్బూ. ఆ చెయ్యి తీసి లోపల పెట్టింది తిరుపతిసామే. ఎనిమిదేళ్లు ఆమెకు నీళ్లు పోశాను, గంజి తాగించాను, చివరి రోజు నేనే ఆమెకు గోడనయ్యాను.

నేను చేసింది సరేనని ఒక్క మాట రాయి. నిద్ర పట్టడం లేదు.

నాగమ్మాళ్


విరుదునగర్
26-8-2004

అక్కా,

నువ్వు చేసింది సరే. మనసు పాడు చేసుకోకు. ఎదుటివాళ్ల మాటలు పట్టించుకోవద్దు. జ్వరం తగ్గింది.

రామసుబ్బు


మేలపట్టి
15-9-2004

రామసుబ్బుకు,

పదహారో రోజు కర్మ అయిన మరుసటి వారం మేస్త్రి వచ్చాడు. ముందు సందు మూశాడు, తరువాత గోడ నా తలకన్నా జానెడు ఎత్తు లేపాడు. గోడ లేస్తుండగానే పొన్నయ్య వేసిన నిచ్చెన ఎక్కి దిగి, ఆర్డరు పట్టుకుని పోలీసు స్టేషన్‌కు పోయాను. ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు, కూర్చోమని కుర్చీ వేయించాడు. తిరుపతిసామి తన దగ్గరున్న కాగితం తెచ్చి చూపించాడు. 22-9-1999న పిలిచినప్పుడు వాది రాలేదు, వాది వకీలూ రాలేదు, కేసు కొట్టేశాం అని అందులో ఉంది. కేసుతోపాటే స్టేటస్ కో కూడా పోయిందట. నా కాగితం చచ్చి ఐదేళ్లయిందని ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా చెప్పాడు.

నిన్ను అడిగేది ఒక్కటే. నీకు తెలుసా?

నాగమ్మాళ్


విరుదునగర్
21-9-2004

అక్కకు,

తెలుసు.

ఆ రోజు పొద్దున బస్సెక్కబోతుంటే సీనియర్ గారికి గుండెనొప్పి వచ్చిందని కబురొచ్చింది. ఆయన్ని మదురైకి తీసుకుపోయాను. కోవిల్పట్టిలో వేరే వకీలుకు ఫోన్ చేసి వాయిదా అడగమని చెప్పాల్సింది. ఆ హడావుడిలో చెప్పలేదు. మూడు రోజులకు డైరీ చూసుకుంటే కేసు పోయి ఉంది. ముప్పై రోజుల్లో అర్జీ పెడితే మళ్లీ తీసుకుంటారు. అర్జీకి నీ సంతకం కావాలి, సంతకానికి నీకు నిజం చెప్పాలి. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకున్నాను. ముప్పై రోజులు పోయాయి. ఆలస్యాన్ని మన్నించమని ఇంకో అర్జీ పెట్టొచ్చు, దానికీ నీ సంతకమే. ఏడాది గడిచేసరికి నోరు పెగల్లేదు. తిరుపతిసామి గోడ లేపలేదు కాబట్టి అతనికి తెలియదనుకున్నాను, తెలియనంత కాలం నీకు నష్టం లేదని నన్ను నేను నమ్మించుకున్నాను. రాళ్లు తియ్యవద్దని ఎందుకు రాస్తూ వచ్చానో నాకే తెలియదు. కేసు ఉన్నట్టుంటుందని కాబోలు.

ఆ రోజు నాకు జ్వరం రాలేదు అక్కా. ఆ గోడ ముందు నిలబడలేక రాలేదు.

కొత్తగా దావా వేస్తే ఐదేళ్లు ఎందుకు నిద్రపోయారని అడుగుతారు. నిద్రపోయింది నేనని ఎవరికి చెప్పను? నా ప్రావిడెంట్ ఫండ్ మొత్తం తీసి నీకు ఇచ్చేస్తాను. ఇక్కడికి వచ్చి మా ఇంట్లో ఉండు. నువ్వు ఏ శిక్ష వేసినా పడతాను. మన్నించమని అడగడానికి ముఖం లేదు, అయినా అడుగుతున్నాను.

రామసుబ్బు


మేలపట్టి
30-9-2004

రామసుబ్బుకు,

నీ ఉత్తరం కందసామి గోడ మీంచి విసిరాడు. నీళ్లూ బియ్యమూ పొన్నయ్య గోడ మీంచే అందిస్తున్నాడు. నిచ్చెన ఉంది గాని మోకాళ్ల నొప్పితో వారం నుంచి ఎక్కలేదు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని ఊరికే అంటుంటాం, అందులో కూర్చున్నాక దాని లోతు తెలుస్తుంది.

మొన్న తిరగలి మీద నిలబడి గోడ మీంచి తిరుపతిసామిని పిలిచాను. వచ్చాడు. ఐదేళ్లుగా తెలిసి ఎందుకు మూయలేదని అడిగాను. "లోపల అమ్మ ఉండె. ఎట్లా మూసేది వదినా? నీకూ తెలిసుంటాదని అనుకుంటి. నువ్వొక మాట అడిగితే రాళ్లు తీసేద్దామని సూస్తా ఉంటి. ఆ పొద్దు నేనే తీస్తానంటే కాగితం సూపిస్తివి" అన్నాడు. లోపలికి పోయాడు. ఇప్పుడైనా దారి ఇస్తావా అని నేను అడగలేదు. పదిమంది ముందు అన్న మాట అడ్డొచ్చింది.

ఆ ఐదేళ్లూ అతన్ని ఆపింది కోర్టు కాదు, నీ ఆర్డరూ కాదు. అతని మనసే ఆపింది. ఆ మనసును నేను పీనుగు ముందు అబద్ధాలకోరు అన్నాను. నీ మీద కోపం ఉంది. ఆ కోపంలో ఎక్కువ పాలు నా మీదే.

నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. మొదటిదాంట్లో నువ్వే రాశావు, ఖరీదు కట్టి డబ్బిస్తే ఆ డబ్బు తలకింద పెట్టుకుని ఇంట్లో పడుకోవడమే, వీధిలోకి రాలేమని. నీ ప్రావిడెంట్ ఫండ్ నీ దగ్గరే ఉంచుకో. మీ ఇంటికీ రాను. ఒక మూలలోంచి తీసి ఇంకో మూలలో పెట్టే మాట నాకు వద్దు. మన్నించమన్నావు. ఆ మాట అడిగే వాడి చేతులు ఎలా ఉండాలో నువ్వే నాకు నేర్పావు. నా చేతులూ శుభ్రంగా లేవు, దారి లేదని సంతకం పెట్టిన చేతులే ఇవి. కాబట్టి నేను తీర్పు చెప్పను, పని చెప్తాను.

కొడవలి, గొడ్డలి, గడ్డపార తెచ్చుకో. కూలివాళ్లను పెట్టకు. వాగు ఒడ్డున రెండు చింతచెట్ల దగ్గర మొదలుపెట్టి ఇంటి దాకా ఆ సీమ తుమ్మ నరుకు. పైపైన నరికితే రెండు వానలకు మళ్లీ లేస్తుంది, వేళ్లతో సహా పీకు. మేకలు పోయేంత చాలదు. పాడె మోస్తూ నలుగురు నడిచేంత వెడల్పు కావాలి. అత్తకు దక్కలేదు, నాకైనా దక్కాలి. లేదని ఒట్టు పెట్టి లేకుండా చేసిన దారి అది. నువ్వు వచ్చి అది మళ్లీ ఉండేలా చెయ్యి.

ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలియదు. రోజూ వెనక గుమ్మంలో కూర్చుని గొడ్డలి చప్పుడు వింటుంటాను. మధ్యలో ఉత్తరం రాయకు, గోడ మీంచి పిలవకు. ముళ్లు దాటి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు నీ ముఖం చూస్తాను. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోస్తాను.

అక్క
నాగమ్మాళ్